సింహం మెస్ బిల్లు ఎవరు కట్టాలి?

మా హాస్టల్‌లో ప్రతి సెమిస్టర్‌కీ ఒకసారైనా జరిగే గొడవ మెస్ బిల్లు. డబ్బు మనం కడతాం, మెనూ ఇంకెవరో రాస్తారు. సాంబారు నీళ్లలా ఉందని మొత్తుకుంటాం. వింటారా లేదా అన్నది పక్కన పెడితే, మొత్తుకోవడానికి కనీసం నోరుంది. మెస్ కమిటీలో ఇద్దరు స్టూడెంట్స్ ఉంటారు. మరీ ఒళ్లు మండితే గేటు బయటకెళ్లి ఎగ్ దోశ తిని వస్తాం.

ఇప్పుడు ఇంకో మెస్ ఊహించుకోండి. అక్కడ తినేవాళ్లు డబ్బు కట్టరు. డబ్బు కట్టేవాళ్లు అక్కడ తినరు. తినేవాళ్లకు కంప్లైంట్ చేసే నోరు లేదు, బయటకెళ్లి తినే దారి అసలే లేదు. వంటవాడు రాకపోతే ఆ రోజు పస్తే. ఈ మెస్ నిజంగానే ఉంది. దాన్నే మనం జూ అంటాం.

ఈ ఆలోచన నాకు ఊరికే రాలేదు. నేను ప్రొద్దుటూరోణ్ని. నా రూమ్మేట్స్‌లో ఒకడిది జమ్మలమడుగు, ఇంకొకడిది పులివెందుల. మా కడప జిల్లాలో జూ లేదు. చిన్నప్పటి నుంచి మాకు జూ అంటే తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర జూ పార్కే. దర్శనానికి పోయినప్పుడు టైం మిగిలితే జూ, మిగలకపోతే లేదు. ఈసారి సెలవుల్లో ముగ్గురం కలిసి పోయినాం. అక్కడ జంతువుల దత్తత గురించి చదివినాం. ఫలానా జంతువుకు ఇంత కడితే ఇన్ని రోజుల తిండి ఖర్చు మీరు పెట్టుకున్నట్టు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కోడూరు దాటకముందే వాదన మొదలైంది. కడప వచ్చేసరికి ముందు సీటాయన వెనక్కి తిరిగి "మెల్లగా మాట్లాడండి నాయనా" అనేదాకా పోయింది.

జమ్మలమడుగోడి మాట సూటిగా ఉంటుంది. "చూసేటోడే కట్టాల. మా అవ్వ తిరుపతి కొండకు తప్ప యాడికీ పోలేదు. ఆమె కొనే సబ్బు మీద పన్ను పులి కూరకు ఎందుకు పోవాల?"

పులివెందులోడిది ఇంకో దారి. వాళ్ల ఊరి పేరు ఒకప్పుడు పులిమందల అని, అక్కడ పులులు మందలుగా తిరిగేవని వాడు ఎవరు కలిసినా చెప్తాడు. "ఏ కంపెనీకో, ఏ కోటీశ్వరుడికో దత్తత ఇచ్చేయండబ్బా. గవర్నమెంట్ కంటే వాళ్లే బాగా చూసుకుంటారు."

నేను గవర్నమెంటే పెట్టాలి అన్నాను. ఎందుకు అంటే మాత్రం చెప్పలేకపోయినాను. "అది పబ్లిక్ జూ కదా" అన్నది ఆన్సర్ కాదు, పేరు చదివినట్టు. అందుకే హాస్టల్‌కు వచ్చాక కొంచెం చదివినాను. ఈ వ్యాసం ఆ బస్సు వాదనకు నా లేట్ సబ్మిషన్ అనుకోండి.

ముందు ఇప్పుడున్న పద్ధతి. మన దేశంలో ఎవరంటే వాళ్లు జూ పెట్టలేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ వల్ల 1992లో సెంట్రల్ జూ అథారిటీ వచ్చింది. దాని గుర్తింపు లేకుండా జూ నడపడానికి లేదు. ఎన్‌క్లోజర్ ఎలా ఉండాలి, డాక్టర్ ఉండాలా, వారానికి ఒకరోజు జనానికి సెలవు ఇవ్వాలా, ఇవన్నీ రూల్స్‌లో ఉన్నాయి. కానీ రోజూ జూ నడిపేది రాష్ట్ర అటవీ శాఖ. కేంద్రం ఎన్‌క్లోజర్లకు, ఆసుపత్రులకు, బ్రీడింగ్ ప్రాజెక్టులకు గ్రాంట్లు ఇస్తుంది. రోజువారీ తిండి, జీతాలు మాత్రం మామూలుగా జూ నడిపేవాళ్ల నెత్తిన్నే. అంటే రూల్స్ రాసేది ఒకరు, బిల్లు కట్టేది ఇంకొకరు.

గేటు దగ్గర వచ్చే టికెట్ డబ్బుల కథ వేరే. ఆ డబ్బు ఖజానాలో కలిసిపోతే, జూకి ఒక పంపు రిపేరు చేయించాలన్నా పైనుంచి శాంక్షన్ రావాలి. అందుకని కర్ణాటకలో 1979లోనే జూల కోసం ప్రత్యేకంగా ఒక అథారిటీ పెట్టి, గేటు డబ్బు జూల దగ్గరే ఉండేలా చేశారు. మన రాష్ట్రంలోనూ జూ అథారిటీ ఉంది. 2014 విభజన తర్వాత హైదరాబాద్ నెహ్రూ జూ తెలంగాణకు పోయింది, మనకు విశాఖ, తిరుపతి మిగిలాయి.

కాబట్టి జమ్మలమడుగోడు చెప్పిన "చూసేటోడే కట్టాల" కొత్త ఐడియా ఏం కాదు. అందులో మంచి కూడా ఉంది. జనం ఎక్కువ వస్తే డబ్బు ఎక్కువ, డబ్బు కావాలంటే జూని శుభ్రంగా ఉంచాలి, కాబట్టి శుభ్రంగా ఉంచుతారు. మైసూరు జూ ఇలా బాగా నడిచిందని పేరు. 1892లో మహారాజు చామరాజేంద్ర ఒడెయార్ పెట్టిన జూ అది. తన టికెట్ల మీద తను బతికే జూకి ఎగ్జాంపుల్ కావాలంటే అందరూ దాన్నే చూపిస్తారు.

మరి 2020 మార్చిలో ఏమైంది? లాక్‌డౌన్. గేటు మూశారు. మన క్లాసులు ఆన్‌లైన్‌కు మారినట్టు పులి ఆన్‌లైన్‌లో తినలేదు కదా. ఆదాయం సున్నా, ఖర్చు మాత్రం అంతే. అంత పేరున్న మైసూరు జూ కోసం ఆ జిల్లా ఇన్‌ఛార్జ్ మంత్రి విరాళాలు పోగుచేయాల్సి వచ్చింది. 2021 మేలో హైదరాబాద్ జూలో 8 సింహాలకు కరోనా వచ్చింది. అంటే డాక్టర్లు, టెస్టులు, మందుల ఖర్చు పెరగాల్సిన టైంలోనే గేటు మూసి ఉంది. విశాఖ జూకి ఇది ముందే తెలుసు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు చెట్లు కూలి, గోడలు పడిపోయి జూ మూతపడింది. కష్టం వచ్చిన రోజే ఆదాయం ఆగిపోవడం ఈ మోడల్‌లో ఉన్న బగ్. మన సబ్జెక్టులో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. అలాంటి డిజైన్ వైవాలో చెప్తే సార్ ఊరుకోరు.

ఇంకో చిక్కు ఉంది. టికెట్ కొనేవాడు దేన్ని చూడ్డానికి వస్తాడు? పులి, సింహం, ఏనుగు, మొసలి. మూషిక జింకను చూడాలని ఎవరూ బస్సెక్కరు. కుందేలంత ఉంటుంది, మనిషి కనిపిస్తే దాక్కుంటుంది. కానీ హైదరాబాద్ జూ 2010 నుంచి సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కలిసి దాని సంతతి పెంచి, 2017లో కొన్నింటిని నల్లమల అడవిలో వదిలింది. విశాఖ జూ రేసుకుక్కల బ్రీడింగ్‌కు పేరు తెచ్చుకుంది. ఇవి గేటు కలెక్షన్ కోసం చేసే పనులు కావు.

మన జిల్లా సంగతే చూడండి. కలివికోడి అంతరించిపోయిందని దాదాపు ఎనభై ఏళ్లు అనుకున్నాక 1986లో సిద్దవటం దగ్గర లంకమల అడవుల్లో మళ్లీ కనిపించింది. 1988లో అక్కడ అభయారణ్యం వచ్చింది. అది జూలో లేదు, రాత్రిపూట తిరిగే పిట్ట, మనలో ఎవరూ చూసి ఉండరు. చూసేవాడే కట్టాలి అంటే కలివికోడికి కట్టేవాడు ఒక్కడూ ఉండడు. అలాగని అక్కర్లేదు అందామా?

ఇక పులివెందులోడి దారి. దాతలు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. హైదరాబాద్ జూలో స్టేట్ బ్యాంక్ ఏళ్ల తరబడి పులుల్ని దత్తత తీసుకుంటూ వచ్చింది. పుట్టినరోజుకు కేక్ కట్ చేసే బదులు ఒక పక్షికి నెల తిండి పెట్టే పిల్లలూ ఉన్నారు. మంచిదే. పెద్ద స్థాయిలో చూస్తే గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో రిలయన్స్ వాళ్ల వంతారా ఉంది. ఏ రాష్ట్ర జూ కూడా కలలో అనుకోలేని ఆసుపత్రి అక్కడ ఉంది. దాని మీద ఆరోపణలు వస్తే 2025లో సుప్రీంకోర్టు మన తెలుగాయన, రిటైర్డ్ జస్టిస్ చలమేశ్వర్ నాయకత్వంలో ఒక బృందాన్ని వేసింది. ఆ బృందం తప్పేమీ జరగలేదని రిపోర్ట్ ఇచ్చింది.

కాబట్టి డబ్బున్నవాళ్లు జంతువుల్ని సరిగా చూడరు అని నేను అనను. నా డౌట్ వేరే. ఇష్టం మీద నడిచేది ఇష్టం ఉన్నన్నాళ్లే నడుస్తుంది. దత్తత ఏడాదికి ఒకసారి రెన్యూ చేయాలి. కంపెనీకి ఆ ఏడాది లాభం రాకపోతే? మేనేజర్ మారితే? పులి ఇరవై ఏళ్ల దాకా బతుకుతుంది. ఏడాది స్పాన్సర్‌షిప్ మీద ఇరవై ఏళ్ల బాధ్యత ఎలా నిలబడుతుంది? పైగా దాత కూడా పులినే ఎంచుకుంటాడు. ముళ్లపందిని దత్తత తీసుకుని ఫొటో దిగే ఎండీని నేనైతే చూడలేదు.

ఇక్కడిదాకా రాసి, రెండు దారులూ సగం సగం కరెక్టే కదా అని ఆగిపోయినాను. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా నాయనకు ఈ గొడవంతా చెప్పినాను. ఆయన నవ్వి, "నేను సింహాన్ని జూలో చూడల్యా. ఎనిమిదో తరగతిలో ఉండంగా ప్రొద్దుటూరికి సర్కస్ వచ్చింటే ఆడ చూసినా" అన్నాడు. "ఏం చేసింది నాయనా?" అంటే, "స్టూలెక్కి కూర్చున్యాది. కొరడా చప్పుడైతే దిగింది. ఆవలించింది. అందరం చప్పట్లు కొట్టినాం" అన్నాడు.

ఆ సింహాలు తర్వాత ఏమయ్యాయో నేను అప్పుడే వెతికినాను. పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతి, ఈ ఐదింటిని సర్కస్‌లో ఆడించకూడదని కేంద్రం 1998లో నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కస్ వాళ్లు కోర్టుకు పోయారు. 2000లో కేరళ హైకోర్టు, 2001 మే 1న సుప్రీంకోర్టు ఆ నిషేధం సరైనదే అన్నాయి. మరి సర్కస్‌లో ఉన్న సింహాల్ని ఏం చేయాలి? అడవిలో వదిలితే వేట రాదు. వాటికోసం దేశంలో కొన్ని చోట్ల రెస్క్యూ సెంటర్లు కట్టారు. మన తెలుగు నేలలో రెండు, విశాఖలో ఒకటి, తిరుపతిలో ఒకటి. డబ్బు సెంట్రల్ జూ అథారిటీ ఇచ్చింది.

ఆ సింహాల గురించి ఒక్కసారి ఆలోచించండి. చాలావరకు ఆసియా, ఆఫ్రికా జాతులు కలిసిన సంకరం. కాబట్టి వాటికి పిల్లలు పుట్టనివ్వకూడదని నిర్ణయించారు. అంటే సంరక్షణ లెక్కలో విలువ సున్నా. వాటిని ఉంచింది జనం చూసే ఎన్‌క్లోజర్లలో కాదు, కాబట్టి టికెట్ లెక్కలో విలువ సున్నా. ముసలివి, రోగాలున్నవి, కాబట్టి దాత ఫొటో లెక్కలోనూ దాదాపు సున్నా. కానీ రోజూ మాంసం కావాలి. డాక్టర్ కావాలి. అది కూడా చనిపోయేదాకా, ఏళ్ల తరబడి.

బస్సులో మేం ముగ్గురం చెప్పిన మోడల్స్‌కి టెస్ట్ కేస్ ఇదే. ఎవరూ చూడని, ఎవరికీ పనికిరాని ముసలి సింహానికి రేపు పొద్దున తిండి ఎవరు పెడతారు? టికెట్ పెట్టదు. దత్తత పెడితే పెడుతుంది, లేకపోతే లేదు. అందరి పన్నుల నుంచి వచ్చే డబ్బు మాత్రమే కచ్చితంగా పెట్టగలదు. నిజంగా జరిగింది కూడా అదే.

"అందరి పన్నులు ఎందుకు" అన్న జమ్మలమడుగోడి ప్రశ్నకు కూడా ఇక్కడే నాకు జవాబు దొరికింది. ఆ సింహం తిరుపతిది కాదు. ఊరూరా తిరిగింది. ప్రొద్దుటూరులో మా నాయన చప్పట్లు కొట్టినాడు. మీ అవ్వ చూడకపోయినా ఆ ఊళ్లో ఎవరో ఒకరు చూసింటారు. నాయన చూసిన ఆ సింహమే తిరుపతికి వచ్చిందని నేను చెప్పలేను, కానీ వచ్చినవి అలాంటివే. మనం ఒక తరం టికెట్ కొని ఆడించుకున్నాం, తర్వాతి తరం వద్దని చట్టం చేసుకున్నాం. రెండు నిర్ణయాలూ మనవే. సింహాన్ని ఎవరూ అడగలేదు. జూలో ఉన్న ప్రతి జంతువు విషయంలోనూ అంతే. లోపల పెట్టింది మనం, కాబట్టి తిండి మన బాకీ. బాకీని విరాళం అనకూడదు.

వాడు దీనికి వెంటనే ఇంకో మాట అన్నాడు, అది రాయకపోతే మోసం అవుతుంది. "మా ఊరి ఆసుపత్రిలో డాక్టరు లేనప్పుడు సింహానికి డాక్టరు ఏంది?" ఇది చిన్న ప్రశ్న కాదు. నాకు తెలిసిన జవాబు ఒక్కటే. రాష్ట్ర బడ్జెట్‌లో రెండు జూల తిండి, మందులు ఎంత చిన్న ముక్కో చూస్తే, ఆసుపత్రిలో డాక్టరు లేకపోవడానికి కారణం సింహం కాదని తెలుస్తుంది. ఊరికి డాక్టర్ని అడగండి, గట్టిగా అడగండి. దానికోసం సింహం కంచం లాక్కోనక్కర్లేదు. ఒకవేళ ఖర్చు భరించలేం అనుకుంటే కొత్త జంతువుల్ని తేవడం ఆపాలి. కొత్త జూ కావాలని అడగడం ఆపాలి. మన జిల్లాకు జూ కావాలని రేపు ఎవరైనా అంటే నేను వద్దనే అంటాను. ఉన్నవాటికి పెట్టడం మాత్రం ఆపకూడదు.

ఇంతదాకా ఎవరు కట్టాలి అన్నదే మాట్లాడాను. ఎవరు నిర్ణయించాలి అన్నది ఇంకా కష్టం. డబ్బు పెట్టేవాడే అన్నీ నిర్ణయిస్తే, గవర్నమెంట్ అయినా సరే, ఇబ్బందే. ఫీజు రీయింబర్స్‌మెంట్ లేటైతే ఏమవుతుందో మనలో చాలామందికి తెలుసు. మనం ఎలాగోలా అప్పు చేసి కట్టి, తర్వాత చూసుకుంటాం. సింహానికి డ్యూ రాసుకోవడం కుదరదు.

అమెరికాలో డెట్రాయిట్ జూ కథ ఇక్కడ పనికొస్తుంది. ఆ జూ నగరానిది. నగరం దగ్గర డబ్బు అయిపోయింది. 2006లో జూ మూతపడుతుందేమో అన్నదాకా వచ్చి, జనం గోల చేశాక, నడిపే పని ఒక సొసైటీకి అప్పగించారు. ఆస్తి మాత్రం నగరానిదే. 2008లో చుట్టుపక్కల మూడు కౌంటీల జనం ఓటేసి జూ కోసం ఒక చిన్న ఆస్తిపన్ను ఒప్పుకున్నారు. పన్ను లెక్కలో ఇంటి విలువ లక్ష డాలర్లు ఉంటే ఏడాదికి 10 డాలర్లు. 2016లో మళ్లీ ఓటేసి కొనసాగించారు. జూకి పోనివాళ్లు కూడా కడుతున్నారు, కానీ వాళ్లను అడిగి తీసుకుంటున్నారు. ఓనర్ ఒకరు, నడిపేది ఒకరు, డబ్బు అందరిది, ఏ ఒక్కరూ పూర్తిగా బాస్ కాదు.

మనకు అచ్చం అలాగే కుదరదు. జూ కోసం ఓటింగ్ పెట్టే పద్ధతి మనకు లేదు. కానీ లాజిక్ తీసుకోవచ్చు. నా లెక్క ఇది.

ఒకటి, తిండి, మందులు, యానిమల్ కీపర్ల జీతాలు పూర్తిగా రాష్ట్ర బడ్జెట్ నుంచి, ప్రతి మూడు నెలలకూ ముందుగానే రావాలి. జనం వచ్చినా రాకపోయినా దీనికి సంబంధం ఉండకూడదు. కీపర్ల జీతం ఎందుకు కలిపానంటే, సింహానికి ఒంట్లో బాగాలేదని అందరికంటే ముందు తెలిసేది ఆయనకే.

రెండు, గేటు డబ్బు జూ దగ్గరే ఉండాలి. నీడ, మంచినీళ్లు, టాయిలెట్లు, కొత్త ఎన్‌క్లోజర్లు దానితో చేయాలి. కొంత మాత్రం ముట్టుకోకుండా పక్కన పెట్టాలి, ఇంకో 2020 వస్తే పనికొస్తుంది.

మూడు, విరాళాలన్నీ ఒకే హుండీలో పడాలి. దాత పేరు బోర్డు మీద రాయండి, పులి పక్కన ఫొటో దిగనివ్వండి. కానీ ఆ డబ్బు ముళ్లపందికి పోవాలా, పులికి పోవాలా అన్నది డాక్టర్ నిర్ణయించాలి.

నాలుగు, ఖర్చు నిర్ణయించే కమిటీలో ఆఫీసర్లతో పాటు జూ డాక్టర్, ఒక సీనియర్ కీపర్, బయటి శాస్త్రవేత్త ఒకరు ఉండాలి. మన మెస్ కమిటీలో మనం ఇద్దరం కూర్చుంటాం కదా, జంతువులు కూర్చోలేవు కాబట్టి వాటి గురించి తెలిసినవాళ్లు కూర్చోవాలి.

ఐదు, లెక్కలు గేటు దగ్గర తెలుగులో బోర్డు మీద పెట్టాలి. పోయిన ఏడాది గవర్నమెంట్ ఇచ్చింది ఎంత, టికెట్లు ఎంత, విరాళాలు ఎంత, తిండికి ఎంత, మందులకు ఎంత. ఐదు లైన్లు చాలు. మన భాషలో చెప్పాలంటే మార్చే పర్మిషన్ కొందరికే, చదివే పర్మిషన్ అందరికీ. అప్పుడు జమ్మలమడుగు అవ్వ కట్టిన సబ్బు పన్ను ఎక్కడికి పోయిందో ఆమె మనవడు చదివి చెప్పగలడు.

ఇది చదివి పులివెందులోడు "బాగుంది కానీ ఇంకా కంపెనీలే బెటర్" అన్నాడు. జమ్మలమడుగోడు ఐదో పాయింట్ ఒక్కటే ఒప్పుకున్నాడు. మీలో ఎవరికైనా ఇంకా మంచి లెక్క ఉంటే వచ్చే సంచికకు రాయండి, నేను చదువుతాను.

నాయనను ఆ రోజు ఇంకో ప్రశ్న అడిగినాను, సర్కస్ టికెట్ ఎంత అని. గుర్తులేదన్నాడు. కాసేపాగి, "ఎంతైనా అది మొత్తం కాదు లేరా, బ్యాలెన్స్ మీరు కడతాండారు" అన్నాడు.